రెండో గోడ కింది గూడు

మా వదిన ఆర్విల్లాకి కోపం ముక్కు మీదే ఉంటుంది. గేటు మూయకుండా వెళ్ళినవాణ్ణి పదేళ్ళయినా మరిచిపోదు. అలాంటి మనిషి మా అన్న ఓరిన్‌ను ఒక్కసారి మాత్రం తిట్టకుండా వదిలిపెట్టింది.

మా ఆవులు వేసవంతా సన్ నది ఎగువ కొండల్లో మేస్తాయి. అక్కడ తెల్లటి సున్నపురాతి గోడలు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి. నిజానికి అంతా ఒకటే రాయి. ఎప్పుడో భూమి పడమటి నుంచి తోస్తే విరిగి, పెంకు మీదికి పెంకు ఎక్కినట్టు ఎక్కింది. అందుకే ప్రతి గోడకూ అవే పొరలు, అడుగున అదే మెత్తటి నల్లరాయి, అది అరిగిన చోట అదే గూడు. కొండల్లో ఒకరికొకరు తప్పిపోతే, ఇంటి వైపు నుంచి రెండో గోడ కింది గూట్లో కూర్చోవాలి, కదలకూడదు. పెళ్ళయిన కొత్తలో వాళ్ళిద్దరూ అనుకున్న మాట అది.

ఆ అక్టోబరులో తప్పిపోయిన ఆవుల కోసం అన్న ఒక్కడే వెళ్ళాడు. పొద్దున్నే కొండల్ని పొగమంచు కమ్మేసింది. మధ్యాహ్నానికి గుర్రం ఒక్కటే ఇంటికొచ్చింది. ఆయనకి డెబ్బై ఏళ్ళు. మంచు కురవడం మొదలైంది.

పొరుగువాళ్ళని తీసుకుని వెళ్ళాం. రెండో గోడ కింది గూడు ఖాళీ. నదిలో వెతుకుదామన్నారు వాళ్ళు. నాకు ఏడుపు ఆగలేదు. వదిన గోడ వంక కాసేపు చూసి, గుర్రాన్ని పడమటికి తిప్పింది.

"మీ అన్న సరిగ్గా గూట్లోనే కూర్చుని ఉంటాడు. గోడే తప్పయి ఉంటుంది. ఆ పొగమంచులో ఎన్ని దాటాడో ఆయనకేం తెలుసు?"

మూడో గోడ కింద, అచ్చం అలాంటి గూట్లోనే ఉన్నాడు. మీసాల మీద మంచు, వాచిన మడమ. జారిపడితే గుర్రం బెదిరి పారిపోయిందట.

"ఇంతసేపా? ఎక్కడ తిరుగుతున్నారు?" అన్నాడు.

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇక వదిన నోటికి హద్దుండదనుకున్నాను. ఆమె తన కోటు విప్పి ఆయనకి తొడుగుతోంది. ఇది మూడో గోడ అని నేనే చెప్పాను. అన్న తలెత్తి పొరలన్నీ చూశాడు.

"ఇందాక తెరిపిచ్చినప్పుడు కుంటుకుంటూ వచ్చేద్దామనుకున్నా," అన్నాడు వదినతో. "నువ్వొచ్చేసరికి నేను లేకపోతే హడలిపోతావని కదల్లేదు."

వదిన గుండీలు పెడుతూ, "వచ్చేసరికి ఉన్నావుగా," అంది.