సునీతను నిద్రపోనివ్వకుండా హన్మకొండకు

మా తమ్ముడు యాదగిరి బిడ్డ సునీతకు నాలుగేళ్ళు. నిద్ర లేవగానే దాని చేతులూ కాళ్ళూ బిగుసుకుపోయి ఒళ్ళంతా కొట్టుకుంటుంది. కాసేపటికి తగ్గుతుంది, ఆకలంటుంది. ఎందుకొస్తుందో ఎవరూ చెప్పలేదు. చాలామంది నమ్మనే లేదు.

మొదటిసారి హన్మకొండలో పిల్లల డాక్టరు దగ్గరికి పోయినప్పుడు తమ్ముడు నిలబడే చెప్పాడు, "లేవంగనే గుంజుకపోతది సారూ" అని. "గుంజడానికి అదేమన్నా తాడా?" అన్నాడు డాక్టరు. కాంపౌండరు నవ్వాడు. అతను మా తెలంగాణవాడే, మా యాసే, అయినా నవ్వాడు. బల్ల మీది స్టెతస్కోపుతో ఆడుకుంటున్న పిల్లను చూపించి, "దీనికేం రోగం లేదు, నీకే భయం" అని డాక్టరు పంపేశాడు. తమ్ముడు దండం పెట్టి బయటికొచ్చాడు. నేను పెట్టలేదు.

అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో బళ్ళు మూతపడ్డప్పుడు చదువాపేసినవాడు వాడు. తెరిచాక మళ్ళీ పోలేదు. చదువుకున్నవాళ్ళు ఏమన్నా తలూపుతాడు. నేను జనగామలో బడిపంతులమ్మను, నాకా అలవాటు లేదు. ఆలోచిస్తే సంగతి తెలిసింది. తమ్ముడుండే మానుకోట నుంచి వరంగల్లు పోయే రైల్లో సునీత నెక్కొండ రాకముందే నిద్రపోతుంది. వరంగల్లు ప్లాట్‌ఫారం మీద లేస్తుంది, అక్కడే వచ్చి పోతుంది. డాక్టరు దగ్గరికి చేరేసరికి హాయిగా ఆడుకుంటుంటుంది.

అందుకే దసరా సెలవుల్లో మానుకోటకు వెళ్ళాను. మరదలు కాన్పుకని పెద్దవంగరలో పుట్టింట్లో ఉంది. "ఈసారి రైల్లో పండుకోనియ్యం. డాక్టరు దగ్గర పండబెట్టి, ఆయన ముందల్నే లేపుదాం" అన్నాను.

"పిల్లను పరేషాన్ చేసుడు గాదా అక్కా?"

"అయితది. ఒక్క రోజు."

పొద్దున ఏడింటి ప్యాసింజరెక్కాం. ఈ దారిన పోయేవాళ్ళు ఇంజనుకు దూరంగా ఉన్న పెట్టెలో కూర్చోండి, లేకపోతే బొగ్గునలుసులు కళ్ళలో పడతాయి. మంచినీళ్ళు ఇంటినుంచే పట్టుకెళ్ళండి. దారిలో ఒక స్టేషన్లో నల్లా ఉంది, నీళ్ళు లేవు. దాని మీద రైల్వేవాళ్ళకు నేను రాసిన ఉత్తరాలకు జవాబూ లేదు.

కేసముద్రం దాటగానే సునీత కళ్ళు మూతలు పడసాగాయి. తమ్ముడు చక్కిలిగింతలు పెట్టాడు. నేను పాట పాడమన్నాను. అది ఏడుపు మొదలుపెట్టింది. ఎదురుగా సీతాఫలాల గంపతో కూర్చున్న అవ్వకు కోపమొచ్చింది.

"జర పండనియ్యరాదు? గింత కసాయోళ్ళేంది మీరు?"

తమ్ముడు సంగతంతా చెప్పాడు. అవ్వ విని, గంపలోంచి ఒక పండు తీసింది. "ఇటు రా బిడ్డా. ఇది తిను. గింజ మింగితే మాత్రం కడుపుల చెట్టు మొలుస్తది, చూస్కో."

సునీత కళ్ళు పెద్దవయ్యాయి. ఒక్కో గింజనూ నోట్లో వెతికి కిటికీలోంచి ఉమ్మేయసాగింది.

"మొలిస్తే పండ్లు నాకియ్యాలె."

"నీకియ్య. మా బాపుకిస్త."

పక్కన పేపరు చదువుతున్న పెద్దమనిషి కల్పించుకున్నాడు. "గాలి సోకినట్టున్నది. భూపాలపల్లి అవతల ఒకాయన తాయెత్తు కడతడు."

"పోయినం" అన్నాను. "దారిల బస్సు రెండుసార్లు ఖరాబయి ఆగింది. ఆయన పసిపిల్లను వేపమండలతోని కొట్టిండు. తాయెత్తు తెంపి ఆయన ముందల్నే పడేసిన. ఇంకేమన్నా ఉన్నదా?"

ఆయన మళ్ళీ పేపరు పట్టుకున్నాడు.

వరంగల్లులో దిగేసరికి తొమ్మిది దాటింది. హన్మకొండ బస్సులో సునీతను కిటికీ దగ్గర నిలబెట్టి, వచ్చే రిక్షాలు లెక్కపెట్టించాం. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద తండ్రి భుజానికి తల ఆనించిందో లేదో నిద్రపోయింది.

"మళ్ళ వచ్చిండ్రా?" అన్నాడు అదే కాంపౌండరు.

"వచ్చినం. మళ్ళ గూడ వస్తం."

మా వంతొచ్చింది. "పిల్లను లేపుకొని రండ్రి" అన్నాడు కాంపౌండరు. తలుపు దగ్గర అడ్డం నిలబడి, నిద్రలోనే తీసుకుపోతామన్నాను. పోనిచ్చాడు.

"నిద్రపోతున్న పిల్లనేం చూడాలి?" అన్నాడు డాక్టరు.

"ఇప్పుడు లేస్తది. జర చూడండ్రి సార్."

తమ్ముడు కదలలేదు. "నేనే లేపాల్నా అక్కా?" అన్నాడు మెల్లగా. ఇన్ని నెలలుగా అది లేచే వేళకు ముందే పక్కన కూర్చుని, తల నేలకు తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని ఎదురుచూసేది వాడే.

"నేను లేపితే బెదురుతది. నువ్వే లేపు."

వాడు దాన్ని పరీక్ష చేసే బల్ల మీద పడుకోబెట్టి చెవి దగ్గర నోరు పెట్టాడు. "సున్నీ, లే బిడ్డా. బాపు ఈడనే ఉన్న."

అది కళ్ళు తెరిచింది, వాడిని చూసింది. అప్పుడొచ్చింది. పిడికిళ్ళు బిగుసుకున్నాయి, మడమలు బల్లను కొట్టాయి. డాక్టరు కుర్చీలోంచి లేచాడు. ఒక పక్కకు తిప్పి, గడియారం చూసి, కనురెప్పలెత్తి చూశాడు. గుమ్మంలో కాంపౌండరు నవ్వలేదు.

తగ్గాక డాక్టరు తమ్ముడికి కుర్చీ చూపించాడు. మొదటినుంచి చెప్పమన్నాడు.

"లేవంగనే గుంజుకపోతది సారూ" అన్నాడు వాడు. ఈసారి డాక్టరు రాసుకున్నాడు.

"ఎందుకొస్తుందో ఇప్పుడే చెప్పలేను. మూర్ఛలో ఒక రకం కావచ్చు. హైదరాబాదులో తలకు పరీక్ష చేయించాలి, చీటీ రాసిస్తాను. అందాకా ఈ మందు వాడండి." తర్వాత నావైపు తిరిగాడు. "నిద్ర ఆపి తేవడం మంచిది కాదు. మళ్ళీ చేయకండి."

"మొదటిసారే వింటే చేసేటోళ్ళం కాదు సార్."

ఆయన చీటీ రాసి చేతికిచ్చాడు. తప్పయిందని మాత్రం అనలేదు. అది నాకు గుర్తుంటుంది.

బస్టాండు ముందు హోటల్లో ఇడ్లీ తిన్నాం. ఇడ్లీ మెత్తగా ఉంది, చట్నీ అడిగితేనే వేస్తారు. నేను జనగామ రైలెక్కాల్సినదాన్ని, కానీ మందు మొదటి మోతాదు వేసేదాకా ఉండాలనిపించి వాళ్ళతోనే మానుకోట బండెక్కాను. రద్దీగా ఉంది. సునీత సీటు మీద కాళ్ళు చాపుకుని, తండ్రి తొడ మీద తలపెట్టి నిద్రపోయింది. నెక్కొండలో ఎక్కిన ఒకాయన అన్నాడు, "పిల్లను లేపి ఒళ్ళె కూసోబెట్టుకుంటే ఇంకొకలు కూసుంటరు గదమ్మా."

నేను లేచి నా జాగా ఇచ్చాను. "మీరు కూసోండ్రి. ఇయ్యాల దాన్ని మళ్ళ లేపం."

మానుకోట దాకా నిలబడే వచ్చాను. తమ్ముడు మందుసీసాను జేబులో పెట్టుకుని, పైనుంచి అరచెయ్యి ఆనించి ఉంచాడు. ఇంటికెళ్ళాక సునీత లేస్తుంది, మళ్ళీ రావచ్చు. వాడు పక్కనే ఉంటాడు. బండి ఆగాక దాన్ని భుజాన వేసుకుని, మెట్టు మీద కాలు చూసి పెట్టుకుంటూ దిగాడు. అది లేవలేదు.