మళ్ళీ రమ్మనకూడని వాకిలి

తడిసిన సున్నం గోడా, తుప్పు పట్టిన ఇనుమూ కలిసిన వాసన తగలగానే మా అమ్మాయి "స్కేరీగా ఉందమ్మా, బయటికి వెళ్దాం" అని నా చెయ్యి లాగింది. నాకేమో పుట్టింట్లో కాలు పెట్టినట్టుంది. లాంగ్ వీకెండ్ కదా అని మేముండే ప్లెయిన్స్‌బరో నుంచి కార్లో వర్జీనియాలోని, వలసపాలన నాటి ఒక పాత పట్నానికి వచ్చాం. ఇంగ్లండులో శిక్షపడ్డవాళ్ళని ఓడల్లో తెచ్చి పొగాకు తోటల్లో పనికి పెట్టిన రోజుల నాటి ఊరది. ఆనాటి జైలు కొట్లు ఇంకా నిలిచే ఉన్నాయి. జైలు చూసి పుట్టిల్లు తలుచుకునేదాన్ని లోకం ఏమనుకుంటుందో గానీ, నేను పెరిగింది జైలు క్వార్టర్స్‌లోనే.

మా నాన్న గోదావరి ఒడ్డున ఒక జైల్లో హెడ్ వార్డరు. వానాకాలం వస్తే ఆ ఎత్తు గోడ మీద పాకుడు పట్టేది, లోపల మగ్గాలు టకటకలాడేవి, గుండిగల్లో ఉడికే పప్పుచారు వాసన మా వరండా దాకా వచ్చేది, సాయంత్రం లాకప్పు గంట కొట్టేలోపు ఏడుపెంకులాట ఆపి ఇల్లు చేరకపోతే అమ్మ వీపు చీరేసేది. నడవడి బాగున్న ఖైదీలని తోటపనికి బయటికి పంపేవారు. వాళ్ళలో సన్యాసయ్య మావాడు. ఏం చేసి లోపలికి వచ్చాడో నాన్న చెప్పలేదు, నేను అడగలేదు. వినాయక చవితికి తోటలోని బంకమట్టితో క్వార్టర్స్ పిల్లలందరికీ బొమ్మలు చేసేవాడు. నా వినాయకుడికి మాత్రం గురివింద గింజల కళ్ళు. అమ్మ ఆకులో ఉండ్రాళ్ళు పంపితే కంచె పక్కన గొంతుక్కూచుని తింటూ, "మా పాపదీ నీ ఈడేనమ్మా, ఇప్పుడెంతుందో ఏటో" అనేవాడు.

అలాంటి సన్యాసయ్యని ఒక చవితి వెళ్ళాక విడుదల చేశారు. ఎప్పటివో మడతలు పోని సొంత చొక్కా తొడుక్కుని, జైలుకీ మా క్వార్టర్స్‌కీ కలిపి ఉన్న ఒక్క బయటి గేటు దగ్గర నిలబడ్డాడు. "మళ్ళీ చవితికి..." అనబోయాను. నాన్న నా భుజం నొక్కాడు.

"తప్పమ్మా. ఈ వాకిట్లోంచి వెళ్ళేవాళ్ళని మళ్ళీ రమ్మనకూడదు."

బడికి బయల్దేరుతూ "వెళ్తున్నా" అంటేనే "వెళ్ళొస్తానను" అని కసిరే మా అమ్మ కూడా ఆ రోజు నోరు మెదపలేదు. సన్యాసయ్య "ఎల్తన్నానమ్మా" అన్నాడు. వెళ్ళేవాళ్ళు వెనక్కి చూడకూడదంటారు, అతను చూడలేదు. ఆ రోజు నేను అన్నం తినలేదు.

ఇక్కడ పాతకాలపు పొడుగు గౌను వేసుకున్న గైడు, జైలు గుమ్మంలో నిలబడి, పోయేవాళ్ళందరికీ "కమ్ బ్యాక్ సూన్!" అని చెయ్యి ఊపుతోంది. అందరూ నవ్వుతున్నారు. మా అమ్మాయి కూడా నవ్వి చెయ్యి ఊపింది. నాకు మాత్రం కళ్ళు నిండాయి.

సన్యాసయ్యా, నేను రమ్మనబోయింది జైలుకి కాదు, మా ఇంటికి. రెంటికీ వాకిలి ఒకటే కావడం నా ఖర్మ. క్వార్టర్స్ పడగొట్టేశారట, తోట కూడా లేదట. ఇప్పుడు రమ్మంటే దోషం లేదు. ఎక్కడికి రమ్మనను?