కోతల పండుగకు ఒక చెప్పుల జత

బేరం ఆడకుండా నేను కొన్న వస్తువు మా ఇంట్లో ఏదీ లేదు. కొత్తిమీర కట్ట మొదలుకొని మా ఆయన చేతి గడియారం దాకా, అమ్మినవాడు ఉసూరుమంటే గాని ఏదీ మా గడప దాటి లోపలికి రాలేదు. నా మొదటి కాన్పులో ఆసుపత్రి ఆయమ్మ బక్షీసు అడిగితే, పిల్ల ఏడుపు ఇంకా ఆగకముందే నేను తగ్గించి మాట్లాడానని నన్ను కన్న మా అవ్వ అందరికీ చెప్పి నవ్వేది. గొప్ప కోసం చెప్పడం లేదు. మందమర్రి బజారులో పెరిగినవాళ్లకు ఇది జలుబులాంటిది, అంటుకుంటుంది. అన్నేళ్లు అక్కడ కూర్చుని కూడా అంటించుకోని మనిషిని ఒక్కణ్నే చూశాను. ఆయన మా బాపు.

బాపుది చెప్పుల దుకాణం. బొగ్గు గనులు తీసిన కొత్తలో కరీంనగర్ దిక్కు పల్లె నుంచి అవ్వతో, చంకలో నాతో వచ్చి, గనికి పోయే బాట పక్కన నాలుగు రేకులు వేసుకుని కూర్చున్నాడు. పక్కది కిరాణం దుకాణం. దాని సావుకారి నోరు తెరిస్తే ఎదుటివాడి జేబు దానంతట అదే తెరుచుకునేది. నేను చదువుకున్న బడి అదే అనుకోండి. వచ్చినవాడు ఏది కొనాలని వచ్చాడో దాన్ని చివరికి చూపించడం, ధర చెప్పేటప్పుడు వాడి మొహం చూడకుండా తక్కెడ చూడడం, ఇవన్నీ ఆ గోడకు ఇవతల నిలబడి నేర్చుకున్నాను.

మా బాపు ధర ఒక్కసారి చెప్పేవాడు. తగ్గించమంటే మాట్లాడేవాడు కాదు. చేతిలోని తోలు వైపు చూస్తూ ఊరుకునేవాడు. వచ్చినవాడు అది పొగరనుకుని లేచి పోయేవాడు. అది పొగరు కాదు, ఏమనాలో తోచక. అప్పుడు నేను గౌను ఎగ్గట్టుకుని బాట మీదికి ఉరికేదాన్ని.

"అన్నా, గట్ల పోతవేందే. నువ్వెంతిస్తవో అదన్న చెప్పిపో."

సావుకారి తన గద్దె మీది నుంచి చూసి నవ్వేవాడు. "నా ఇంట్ల పుట్టాల్సింది నీ ఇంట్ల పుట్టిందిరా," అనేవాడు బాపుతో.

అమ్మకం గురించి బాపుకు తెలిసిన మాట ఒక్కటే. కొత్త చెప్పులు తొడిగి "బిగుతున్నయి" అని ఎవరన్నా సణిగితే, "నాలుగు దినాలు నడువున్రి. మీ కాలు సంగతి వాటికి తెలుస్తది," అనేవాడు. అంతే. దానికి ముందు ఒక మాట లేదు, వెనక ఒక మాట లేదు.

ఆదివారం దుకాణం తెరిచేవాడు కాదు. గని వాళ్లకు సెలవు ఆదివారమే. జీతాలు పడిన ఆదివారం నాడు బజారులో కాలు పెట్టే సందు ఉండదు. ఆ రోజే మా రేకుల తలుపుకు తాళం.

"నీ దేవునికి సోమవారం కుదరదా? జర అడిగి చూడరాదు," అనేవాడు సావుకారి.

బాపు నవ్వి, చిన్న తమ్ముణ్ని భుజాల మీద ఎక్కించుకుని, మా అందరినీ వరుసగా నడిపించుకుని గుట్ట మీది చర్చికి పోయేవాడు. దారి పొడుగునా నేను మూసిన దుకాణం వైపు తిరిగి తిరిగి చూసేదాన్ని. దేవుడికి నష్టం లెక్క ఎవరు చెప్తారా అని నా దిగులు.

పొద్దుగూకి దుకాణం కట్టేశాక ఇంట్లో చాప పరిచి ప్రార్థన. తోలుకు వేసే నల్లరంగు ఆయన గోళ్లలోంచి ఎంత తోమినా పోయేది కాదు. ఆ చేతులు జోడించి, దీపం ముందు మా ఒక్కొక్కరి పేరూ చెప్పేవాడు. పేరుతో ఆగేవాడు కాదు, మా ఆనాటి సంగతి కూడా దేవుడికి విన్నవించేవాడు. "ఈ పిల్ల ఇయ్యాల అబద్ధమాడి చెప్పులు అమ్మింది ప్రభువా. అబద్ధానికి క్షమించు. అమ్మినందుకు నీకు స్తోత్రం." కళ్లు మూసుకున్న అవ్వ భుజాలు నవ్వుకు కదిలేవి. సగం కుట్టిన చెప్పులు ఆ చాప మీదే ఉండేవి. వాటిని ప్రార్థనకని పక్కకు జరపడం నేను చూడలేదు. క్రిస్మస్ ముందు మాకు చెప్పులు కుట్టేందుకు టేపు వాడేవాడు కాదు. పాదాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు అట్లాగే పట్టుకునేవాడు, కొలత అయిపోయేది. మా పాదాలు ఆయన అరచేతుల్లోనే పెరిగాయి.

మా చర్చిలో కోతల పండుగ జరిగేది. ఎవరి కష్టంలో మొదటి ఫలం వాళ్లు తెచ్చి దేవుడి బల్ల ముందు పెట్టాలి. పల్లెల వాళ్లు మక్కకంకులు, వడ్లు తెచ్చేవాళ్లు. గని వాళ్లు క్వార్టర్ల వెనక కాసిన సొరకాయలు, పెంచిన కోళ్లు తెచ్చేవాళ్లు. ఆరాధన అయ్యాక వాటన్నిటినీ చర్చి ముందు హర్రాజు వేసేవాళ్లు. వచ్చిన డబ్బు సంఘానికి. అక్కడ బేరం తలకిందులుగా నడిచేది. ఒక్క సొరకాయను ఇద్దరు మనుషులు పంతం పట్టి మేకపిల్ల ధరకు ఎక్కించేవాళ్లు. నాకు చూడబుద్ధయ్యేది కాదు.

ఒక ఏడు బాపు, తాను కుట్టిన వాటిలో మంచి జతను తెల్ల తువాలలో చుట్టుకుని తెచ్చాడు. అప్పటికి నేను ఆయన నడుం దాటి ఎదిగి ఉంటాను. తలుపు దగ్గర సంఘపెద్ద ఆపాడు. ఆయన గనిలో మేస్త్రీ.

"ఏందిది?"

"నా పంట," అన్నాడు బాపు.

సంఘపెద్ద తువాల మడత ఎత్తి చూసి, గబుక్కున వదిలేశాడు. "నీకు మతి గిట్ల పోయిందా? మేమందరం మెట్ల కాడ ఇడిసి వస్తిమి. నువ్వు బల్ల కాడికి తెస్తివి."

"ఎవ్వలు తొడగలే. కొత్తయి."

"కొత్తయైతే చెప్పులు కాకుంట పోతయా? పో, పోయి ఒక గుమ్మడికాయ పట్కరా."

వెనక ఎవరో నవ్వారు. బాపు "మంచిది" అని తువాల మడిచి, మెట్లు దిగి నన్ను వెంటబెట్టుకుని బజారుకు నడిచాడు. ఆదివారం నాడు ఆయన ఏదైనా కొనడం నేను చూసింది అదే మొదలు. చెప్పిన ధరకే గుమ్మడికాయ కొని భుజాన పెట్టుకున్నాడు.

"ఇంట్ల చాప మీద వద్దనని దేవుడు గుడిల ఎందుకు వద్దంటడు బాపూ?" అని అడిగాను.

"దేవుడు వద్దనలే బిడ్డా. మనుషులకు జర టైం పడ్తది."

ఆ తర్వాత ప్రతి ఏడూ గుమ్మడికాయే తెచ్చాడు. మళ్లీ అడగలేదు. పండుగ వారంలో మాత్రం ఒక మంచి జత చాప మీద దీపం దగ్గర ఉండేది. దాన్ని పండుగ అయ్యాకే దుకాణానికి తీసుకుపోయేవాడు.

నాకు పెళ్లయి, అదే బజారు వెనక వీధిలో కాపురం పెట్టిన కొన్నాళ్లకు బాపుకు దగ్గు మొదలైంది. మొదట తోలు దుమ్మన్నాడు. తర్వాత బొగ్గు దుమ్మన్నాడు. కరీంనగర్ పెద్దాసుపత్రికి తీసుకుపోయేసరికి చొక్కా ఆయన మీద తగిలించినట్టు ఉంది. మందులిచ్చి పంపారు. దుకాణం తమ్ముళ్లు చూసుకునేవాళ్లు. బాపు ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చునేవాడు.

వానలు తగ్గుతున్న రోజుల్లో ఒక పగలు నేను గంజి పట్టుకుని పోయేసరికి ఒళ్లో తోలు పెట్టుకుని ఉన్నాడు. ఒక కుట్టు వేయడం, ఆగి దగ్గడం, మళ్లీ సూది దారి వెతుక్కోవడం. సూది పక్కకు జారేది. నేను చెయ్యి చాపితే ఇవ్వలేదు.

"ఎవలియి బాపూ?"

"కోతల పండుగయి."

నేను గంజి గిన్నె పక్కన పెట్టి కూర్చున్నాను. ఆయనే అన్నాడు. "ఈసారి నువ్వు అడుగు బిడ్డా. నాకు అడుగుడు రాదు."

"ఇన్నేండ్లు నా బేరాలు జూసి నవ్వితివి గదనే?"

"నవ్విన. గానీ నీకొచ్చింది నాకు రాలే."

రెండో చెప్పు పట్టీ కూడా కుట్టాడు. పండుగకు ఇంకా కొన్ని వారాలు ఉండగానే పోయాడు. ఒక తెల్లవారి అవ్వ ముఖం కడుక్కోను నీళ్లు తెచ్చేసరికి గోడకు ఆనుకుని అట్లాగే ఉన్నాడట. పాతిపెట్టింది ఆదివారం. జీతాలు పడిన ఆదివారం. సమాధుల దొడ్డి నుంచి తిరిగి వస్తుంటే బజారు కిటకిటలాడుతోంది, మా రేకుల తలుపు మూసి ఉంది. దాని పక్కన కిరాణం దుకాణం కూడా మూసి ఉంది. సావుకారి మా వెనకే నడిచి వస్తున్నాడు, కాళ్లకు చెప్పులు లేకుండా.

పండుగకు ముందు రోజు అవ్వ ఆ జతకు నూనె రాసి, అదే తువాలలో చుట్టి నా చేతికిచ్చింది. నేను చర్చికి పోయాను. మా పాస్టరు అయ్యగారు కొత్తగా వచ్చినాయన, బాపును గోడకు ఆనుకున్న రోగిగానే చూశాడు. పక్కన ఆ పాత సంఘపెద్దే ఉన్నాడు.

నేను నాకు తెలిసినట్టే మొదలుపెట్టాను. పెద్దది అడిగితే చిన్నది దక్కుతుందని సావుకారి బడిలో మొదటి పాఠం. "దేవుని బల్ల మీదనే పెట్టాలె," అన్నాను.

"బల్ల మీదనా?" అన్నాడు సంఘపెద్ద. "మీ బాపుకు అప్పుడే చెప్పిన. గుడిలకు చెప్పులు రావు."

"సరే, బల్ల కింద."

"కింద గూడ రావు."

"గుమ్మడికాయల పక్కన."

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇంక మిగిలింది ఒక్కటే ఎత్తు. లేచి వెళ్లిపోవడం. నాలుగు అడుగులు వేసేలోపు ఎవరో ఒకరు వెనక్కి పిలుస్తారు. నా బతుకులో అది తప్పిన రోజు లేదు. మూట చంకన పెట్టుకుని మెట్లు దిగాను. తాపీగా నడిచాను. గేటు దాకా వచ్చాను. ఎవరూ పిలవలేదు. గేటు గొళ్లెం పట్టుకుని నిలబడ్డాను, పిలుపు వినబడకుండా పోతుందేమోనని ఊపిరి బిగబట్టుకుని. చెట్టు మీద కాకి తప్ప ఏదీ పలకలేదు.

వెనక్కి నేనే పోయాను. బేరంలో అంతకంటే పెద్ద ఓటమి లేదు.

"అయ్యగారూ, నాకింక ఏం చెప్పాలెనో తెలుస్తలేదు," అన్నాను. "గివి మా బాపు ఆఖరుకు కుట్టినయి. నన్ను అడగమన్నడు. అడిగిన."

అయ్యగారు సంఘపెద్ద వైపు చూశాడు. "ఆయన ఇంతకుముందు అడిగారా?"

"ఒక్కపారి," అన్నాడు సంఘపెద్ద నేల చూస్తూ.

"మళ్లీ అడగలేదా?"

"రెండోపారి అడిగే మనిషి గాదు అయ్యగారూ," అన్నాను నేను.

అయ్యగారు రెండు చేతులూ చాపాడు. మూట నా చేతుల్లోంచి తీసుకుని లోపలికి పోయాడు.

మర్నాడు ఆరాధనలో వడ్ల గంపకూ గుమ్మడికాయలకూ మధ్య తెల్ల తువాల మీద ఆ జత ఉంది. అవ్వ ఆడవాళ్ల వైపు ముందు వరుసలో కూర్చుని, ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటే తాను తెరిచి ఉంచింది.

బయట హర్రాజు సంఘపెద్దే వేశాడు. కోళ్లు పోయాయి, కంకులు పోయాయి. చెప్పుల వంతు వచ్చినప్పుడు రెండు చేతులతో ఎత్తాడు. "చెప్పుల జత," అన్నాడు. ఎవరూ పలకలేదు. అందరూ అవ్వ వైపు చూసి తల దించుకున్నారు. అది జాలి అని నాకు తెలుసు. నాకు కావలసింది జాలి కాదు. బజారులో పెరిగినదాన్ని, ఒకరు కావాలనుకుంటేనే అది సరుకు.

నేనే ఒక ధర పలికాను. ఎవరూ పెంచలేదు. మళ్లీ నేనే పెంచాను.

"నీ పాట మీద నువ్వే పాడ్తున్నవు బిడ్డా," అన్నాడు సంఘపెద్ద మెల్లగా. "తీస్కపోన్రి. ఇంట్ల ఉంచుకోన్రి."

ఇంకోసారి పెంచాను. ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. అప్పుడు వెనక నుంచి ఒకతను వచ్చాడు. ఆదిలాబాద్ దిక్కు నుంచి గనిలో కొత్తగా చేరినవాడు, మాలో ఎవరి సంగతీ తెలియదు. చెప్పు తీసుకుని అడుగు అట్ట వంచి చూశాడు, మడమ దగ్గర బొటనవేలితో నొక్కాడు.

"తోలు మంచిగున్నది," అన్నాడు. "కుట్టు వంకరున్నది. గంత ధర ఎక్కువ. నువ్వు మొదలు పాడిన కాడికైతే నేను తీస్కుంట."

హర్రాజులో ధర కిందికి అడిగినవాణ్ని ఆ చర్చి అంతకుముందు చూడలేదు. సంఘపెద్ద కసరబోయాడు. నా దగ్గర జవాబులున్నాయి. వంకర కుట్టు గట్టిదని చెప్పొచ్చు, చేతి పనికి గుర్తదేనని చెప్పొచ్చు. అట్లాంటి మాటలతో ఎన్ని జతలు అమ్మానో. కాని ఆ కుట్లలో ఏది ఏ దగ్గు దగ్గర జారిందో నాకు తెలుసు.

"ఇయ్యున్రి," అన్నాను. "ఆయన అడిగిన ధరకే ఇయ్యున్రి."

అతను మెట్ల దగ్గర, అందరూ చెప్పులు విడిచిన చోట, వాటిని తొడుక్కున్నాడు. ఒకసారి నేలకు తన్ని చూశాడు.

"జర బిగుతున్నయి," అన్నాడు నా వైపు చూసి.

నేను నోరు తెరిచాను. నా వెనక నుంచి అవ్వ గొంతు వచ్చింది.

"నాలుగు దినాలు నడువు బిడ్డా. నీ కాలు సంగతి వాటికి తెలుస్తది."

అతను తల ఊపి గుట్ట దిగాడు. కొత్త తోలు కిర్రుకిర్రుమంటూ గని బాట వైపు పోయింది. అవ్వా నేనూ గేటు దగ్గర నిలబడి, ఆ చప్పుడు బజారు రొదలో కలిసేదాకా విన్నాం.