స్ప్రింగులు మోసుకెళ్తున్నతను

గద్వాల నుంచి వనపర్తి పోయే బస్సులో నా పక్కన కూర్చున్నతని కాళ్ల దగ్గర గోనెసంచి నిండా పాత కారు స్ప్రింగులున్నాయి. మనిషి బాగా అలసిపోయి ఉన్నాడు.

"ఏంది తమ్ముడూ ఇవి?" అన్నాను.

"డ్రిఫ్టింగ్ చేద్దామని కారు ఎత్తు తగ్గించి, గట్టి స్ప్రింగులు ఏసిన అన్నా. మలుపుల్ల అడ్డంగ జారుకుంట పోతుండె. ఇప్పుడు మా ఇంటామె నిండు చూలాలు. జర గుంతల పడ్డా కడుపు పట్టుకుంటది. గందుకే తుక్కు దుకాణంల మామూలువి ఎతికి తీస్కపోతున్న."

"అంత కష్టపడి చేసిందంతా పోయినట్టేనా?"



"ముందు చక్రాలు పక్కకు ఎక్కువ తిరిగేటట్టు స్టీరింగు గూడ మార్చిన. దాన్ని మాత్రం ముట్టుకోను" అన్నాడు. రెండు చేతులూ లేపి, లేని స్టీరింగును చివరిదాకా తిప్పి చూపించాడు.

పేరడగలేదు. ఇంట్లో ఏదైనా వదులుకోవాల్సి వచ్చినప్పుడు ఆ చేతులు గుర్తొస్తాయి.