కందిలి గాజు, పిల్లి పాలు

నిన్న అటక మీద పాత కందిలి దొరికింది. కిరోసిన్ వాసన తగలగానే మళ్లీ అదే భయం.

మీరూ బూడిదతో కందిలి గాజు తుడిచే ఉంటారు. చిన్నప్పుడు మెదక్‌లో ఓ మధ్యాహ్నం అది నా చేతిలో పగిలింది.

పక్కింటి షాహిదా ఉపాయం చెప్పింది. "పిల్లి పడగొట్టింది, అమ్మతోడు అని చెప్పు. నమ్ముతది."

కానీ అమ్మ పాలమూరు మెన్నోనైట్ క్రైస్తవుల ఆడపడుచు. మా ఇంట్లో ఒట్టు పెట్టకూడదు. అవునంటే అవును, కాదంటే కాదు.

"నువ్వేనా పలగ్గొట్టింది?" అంది అమ్మ.

"కాదు. పిల్లి."

అమ్మ పిల్లి పాలగిన్నె తీసేసింది. పిల్లి గడపలో కూర్చుని నన్నే చూసింది. అమ్మ నమ్మేసిందన్న భయం దెబ్బల భయాన్ని మించిపోయింది.

"నేనే అమ్మా," అని ఏడ్చాను.

అమ్మ కొంగుతో నా ముక్కు తుడిచింది. కొంగుకు మసి అంటింది.

"గీ మసి అప్పుడే జూసిన బిడ్డా. ఇగ పో, గా పిల్లికి పాలు పోసి మాఫీ అడుగు."