మూడో మంచం పేషెంటు

భర్తకు ఒళ్ళంతా కట్లు కట్టి మంచం మీద పడుకోబెట్టారనీ, చుట్టూ తెల్లబట్టల అమ్మాయిలు నిలబడి ఉన్నారనీ ఎదురింటావిడ పరుగున వచ్చి చెప్పేసరికి, కండక్టరు భార్య పొయ్యి ఆపిందో లేదో కూడా చూసుకోకుండా ఒక ఫ్లాస్కు, రెండు తువ్వాళ్ళు సంచిలో పడేసుకుని బయల్దేరింది. ఎదురింటావిడ చెప్పిన చోటు ఆస్పత్రి కాదు. బజారు వీధిలో మందుల హోల్‌సేలు దుకాణం పైన రెండంతస్తుల్లో సర్దుకున్న చిన్న నర్సింగు కాలేజీ. మెట్లెక్కి, స్పిరిటు వాసన కొట్టే వసారా దాటి, మంచాలు వేసి అమ్మాయిలకు పని నేర్పే ల్యాబ్ తలుపు తోసింది. మూడో మంచం మీద ఆయన కనిపించాడు. తలకు కట్టు, మోచేతికి కట్టు, కుడికాలు దిండ్ల మీద. భార్యను చూసి కట్టు కింద నుంచే నవ్వాడు.

"కంగారు పడకు. నాకేం కాలేదు. ఉద్యోగం చేస్తున్నా."

ఫ్లాస్కు ఆయన నెత్తిన పడలేదంటే, నెత్తికి అప్పటికే కట్టు ఉండబట్టే.

"పడుకోవడం ఉద్యోగమా! ఆ ముక్క ఇంట్లో చెప్పి చావొచ్చుగా!"

ఆ గదిని ఏలే ల్యాబ్ మేడం కుర్చీ లాగి ఆవిడను కూర్చోబెట్టింది. "తప్పు మాదేనమ్మా. మా దగ్గర ప్లాస్టిక్ బొమ్మ ఒకటుంది. ఎంత మోటుగా లాగినా అబ్బా అనదు. పిల్లలు దానికి అలవాటు పడితే రేపు మనుషుల గతేంటి? అందుకని అబ్బా అనే మనిషి కావాలని కింద మెట్ల దగ్గర కాగితం అంటించాం. మీవారు మోకాలి నొప్పికి మందు కొనడానికొచ్చి, అది చదివి పైకొచ్చేశారు."

తర్వాత మేడం పిల్లల వైపు తిరిగి ఆ రోజు పాఠం మళ్ళీ అందుకుంది. మీరెవరో చెప్పాలి, ఏం చేయబోతున్నారో చెప్పాలి, సరేనా అని అడిగి జవాబు వచ్చేదాకా ఆగాలి, అప్పుడే రోగి మీద చెయ్యి వెయ్యాలి.

"అయితే ముందు మా ఆయనకు నేర్పండమ్మా," అంది కండక్టరు భార్య, ఫ్లాస్కు మూత బిగిస్తూ. "పెళ్ళయినప్పట్నుంచీ ఒక్క పని నాకు చెప్పి చేసిన పాపాన పోలేదు."

అమ్మాయిలు పగలబడి నవ్వారు. కండక్టరూ నవ్వాడు. నవ్వితే తలకట్టు జారి కళ్ళ మీద పడింది. అది కట్టిన పిల్లకు ఆ పూట మార్కులు పోయాయి.

ఆవిడ మాటలో అతిశయోక్తి ఏమీ లేదు. ఆవిడ నాలుగు రోజులు అక్క ఇంటికి వెళ్ళొచ్చేలోగా ముందుగదికి ముదురు ఆకుపచ్చ రంగు వేయించిన ఘనుడాయన. బంధువులను భోజనానికి పిలిచి, వాళ్ళు గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే "అన్నట్టు చెప్పడం మరిచాను" అనడం ఆయనకు మామూలు. బస్సు ఉద్యోగానికి గడువుకు ముందే స్వస్తి చెప్పేసిన సంగతి, డిపోవాళ్ళు ఇచ్చిన గోడగడియారం చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాకే ఆవిడకు తెలిసింది. పోనీ మూగవాడా అంటే నోట్లో నువ్వుగింజ నానదు. బస్సులో ఎక్కినవాళ్ళందరికీ తన సంగతులు చెప్పి చెప్పి, ఇంట్లోనూ చెప్పేశాననే అనుకునేవాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని ఆవిడ ఎప్పుడో ఊరుకుంది. ఊరుకోవడం వేరు, మరిచిపోవడం వేరు. మగవాళ్ళకు ఈ తేడా తెలియాలంటే ఏ కాలో చెయ్యో విరగాలి కాబోలు.

కాలేజీలో మాత్రం ఆయన హోదా అంతకంతకు పెరిగింది. కొత్త బ్యాచ్ అమ్మాయిలు ఆయన్ని బాబాయ్ అనేవారు. ఒకరోజు ఆయనకు జ్వరం, ఒకరోజు పక్షవాతం, ఎక్కువ రోజులు కుడికాలు విరగడం. జ్వరం వచ్చిన రోజు దుప్పటి తన్నేసేవాడు. నీరసం రోజున చెంచా నోటిదాకా తెస్తే పళ్ళు బిగించి మొండికేసేవాడు. ఎవరైనా చెప్పకుండా చెయ్యి వేశారో, మూసుకున్న కళ్ళు టపీమని తెరిచి, "ఎవరమ్మా నువ్వు? నీకూ నాకూ పరిచయం లేదే!" అని గదంతా వినిపించేలా అనేవాడు. ఇంటి దగ్గర తన ఘనత విన్న పాత బ్యాచ్ పిల్లలెవరూ అక్కడ లేరు గనుక ఆ ధైర్యం.

ఆ బ్యాచ్‌లో ఒక పిల్లకు గుసగుస అని పేరు పడింది. ఆ పిల్ల చేతులు బంగారం. ఆ పిల్ల పక్క మారిస్తే నీళ్ళలో తేలినట్టుండేదని కండక్టరే అనేవాడు. గొంతు మాత్రం బయటికి రాదు. చెప్పాల్సినవన్నీ చెప్పేది కానీ, తన చెవికే వినపడేంత మెల్లగా. అలా అయితే పరీక్షలో తప్పిస్తారని మేడం బెంగ. దానికి మందు కండక్టరే కనిపెట్టాడు. ఆ పిల్ల వంతు వచ్చినప్పుడల్లా చెవిటివాడైపోయేవాడు. "ఏంటమ్మా? వినపడలేదు. ఏంటీ, పళ్ళు తోముతావా?" అనేవాడు. ఆ పిల్ల ముఖం కందగడ్డలా ఎర్రబడేది. చివరికి ఒకరోజు, "పక్క మారుస్తాను అంటున్నాను బాబాయ్!" అని అరిచింది. వసారాలో ఉన్న ప్రిన్సిపాల్ ఏం జరిగిందోనని తొంగిచూసింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఈ కథంతా భార్యకు నటించి చూపించాడు. ఆవిడ కూరలు తరుగుతూ నవ్వింది. పడుకునే ఉద్యోగం అని వెక్కిరించడం అప్పటినుంచి కాస్త తగ్గించింది.

వేసవి మొదట్లో అమ్మాయిలను వార్డు పనికి పెద్దాస్పత్రికి పంపారు. ల్యాబ్‌కు తాళం పడింది. కండక్టరు ఇంట్లో పనీపాటా లేక కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న ఆ రోజుల్లోనే, ఆవిడ ఫ్యాను తుడవడానికి స్టూలెక్కి జారిపడింది. కుడి తుంటి దగ్గర ఎముక విరిగింది. ఆపరేషను చేసి లోపల రాడ్డు వేశారు. ఇంటికి పంపుతూ డాక్టరు గట్టిగా చెప్పాడు: కొన్నాళ్ళు కాలు కింద మోపకూడదు, వీపు పుండు పడకుండా మంచికాలు వైపుకు తరచు పక్క మారుస్తూ ఉండాలి.

అంబులెన్సు దిగేసరికే వదినగారు గుమ్మంలో ఉంది. కండక్టరు భార్యకు అక్క. గట్టి మనిషి, మంచి మనిషి, మరిది గురించి ఆవిడకున్న అభిప్రాయం మాత్రం ఆ ఆకుపచ్చ గోడ చూసిన రోజే స్థిరపడిపోయింది.

మధ్యాహ్నం పక్క మార్చే వేళయింది. "ఏడాది పొడుగునా చూస్తున్న పనే కదా వదినగారూ," అని కండక్టరు మంచానికి కుడివైపు చేరి, భార్య వీపు కిందికి చేతులు దూర్చి ఎడమవైపుకు తోశాడు. విరిగిన కాలు వెళ్ళి రెండో కాలి మీద పడింది. ఆవిడ పెట్టిన కేకకు ఎదురింటావిడ బయటికొచ్చింది.

వదినగారు ఒక్క అంగలో వచ్చి చెల్లెల్ని వెల్లకిలా సర్దింది. "చాలు మరిదిగారూ, చాలు. మీ సేవలు మేం చూడలేం. సాయంత్రానికి కారు చెబుతున్నా, దీన్ని మా ఇంటికి తీసుకెళ్తా. అక్కడ నేనున్నా, మా కోడలుంది. కోలుకుని నడిచాక పంపిస్తా."

కండక్టరుకు తల కొట్టేసినట్టయింది. భార్య వైపు చూశాడు. ఆవిడ వెళ్తానని అనలేదు, ఉంటాననీ అనలేదు. తల గోడవైపుకు తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. ఆవిడ లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆయన ఊహకు అందలేదు. అంతకన్నా, ఈ చేతుల్ని నమ్మలేక ఆవిడ వెళ్ళిపోతే ఈ చేతులు ఇక దేనికన్న బాధ ఆయన్ని మెలిపెట్టింది.

చూస్తున్న పనే అన్నాడు గానీ, నిజానికి ఆయన ఎన్నడూ చూడలేదు. రోగి కళ్ళు మూసుకుని ఉంటాడు కదా! ఆయనకు తెలిసిందంతా వీపుకు తెలుసు, భుజానికి తెలుసు. నిలబడేసరికి కుడి ఎడమలు తారుమారై అంతా మాయమైంది. ఆ సంగతి తట్టగానే వెళ్ళి పక్క మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు.

"ఇదేం చోద్యం!" వదినగారు బుగ్గన వేలేసుకుంది. "కాలు విరిగింది దానికైతే, పడకేసింది మీరా?"

"ఒక్క నిమిషం వదినగారూ. గుర్తు తెచ్చుకుంటున్నా."

కళ్ళు మూసుకున్నాడు. గుసగుస చేతులు గుర్తొచ్చాయి. ముందు మోకాళ్ళ మధ్యకు దిండు వచ్చేది. తర్వాత ఆ పిల్ల ఆయన కుడిచేతిని గుండెల మీదికి మడిచి పెట్టేది. ఆ తర్వాత రెండు చేతులు వచ్చేవి. ఎటునుంచి? ఎడమవైపు నుంచి, మంచికాలు వైపు నుంచి! ఒకటి భుజం వెనక్కి, ఒకటి తుంటి వెనక్కి. అవి తోసేవి కావు, తనవైపుకు లాక్కునేవి. వీటన్నిటికన్నా ముందు ఇంకొకటి వచ్చేది. అది గొంతు.

లేచాడు. మంచానికి ఎడమవైపుకు వెళ్ళి నిలబడ్డాడు. జీవితమంతా బస్సు నిండా జనానికి వినపడేలా అరిచిన మనిషికి, వదినగారు కళ్ళప్పగించి చూస్తుంటే గొంతు పెగల్లేదు.

"నేను... నిన్ను..." అని గొణిగాడు.

"వినపడలేదు," అంది భార్య, కళ్ళు మూసుకునే.

ఆయన ఉలిక్కిపడ్డాడు. తన మందు తనకే వేసింది!

గొంతు సవరించుకున్నాడు. "నేను నీ మొగుణ్ణి. నిన్ను ఎడమ పక్కకు తిప్పబోతున్నాను. ముందు మోకాళ్ళ మధ్య దిండు పెడతాను. నొప్పి అనిపిస్తే చెప్పు, అక్కడే ఆపేస్తా. సరేనా?"

అని ఆగాడు. జవాబు రాలేదు. పాత కండక్టరైతే ఈపాటికి రైట్ రైట్ అనేసేవాడు. ఈసారి ఆగాడు. ఆగి నిలబడితే, అడగాల్సింది ఇంకోటి ఉందని తోచింది.

"ఇంకో మాట. అక్క ఇంటికి వెళ్తావా, ఇక్కడే ఉంటావా? నేను చెప్పను, వదినగారు చెప్పరు. నువ్వు చెప్పు. నువ్వెలా అంటే అలా."

ఆవిడ కళ్ళు తెరిచింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ప్రశ్న ఆ నోట వినడం అదే మొదలు. కళ్ళనిండా నీళ్ళున్నా ఆవిడ గొంతులో బెట్టు సడలలేదు. "ముందు తిప్పండి. నొప్పి పుట్టిందో, కారెక్కేస్తా."

దిండు పెట్టాడు. చేతిని గుండెల మీదికి మడిచాడు. ఒక చెయ్యి భుజం వెనక, ఒక చెయ్యి తుంటి వెనక పెట్టి, "ఇప్పుడు తిప్పుతున్నా" అని చెప్పి మెల్లగా తనవైపుకు లాక్కున్నాడు. ఆవిడ కిక్కురుమనలేదు. తిరిగేసరికి ఆవిడ ముఖం ఆయన ముఖానికి ఎదురుగా వచ్చింది. వదినగారు కిటికీ తెర సర్దే పని కల్పించుకుంది.

"అక్కా," అంది ఆవిడ. "కారు వద్దులే."

"అదేంటే?"

"ఈయన ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు. మధ్యలో మాన్పిస్తే మళ్ళీ మొదటికొస్తాడు."

వదినగారు నాలుగు రోజులుండి, తప్పు పట్టడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చూసి, పెద్దగా ఏమీ దొరక్క వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ ఆకుపచ్చ గోడను ఒక మాటని మనసు తేలిక చేసుకుంది. వర్షాలు పట్టేనాటికి కండక్టరు భార్య వాకరు పట్టుకుని వంటింటిదాకా నడిచింది. అక్కడ గిన్నెలు ఏయే అరల్లోకి మారాయో చూసి ఆయన్ని తిట్టింది. "మార్చే ముందు నీకు చెప్పానుగా!" అన్నాడు. చెప్పిన మాట నిజమే. ఆవిడ నిద్రలో ఊకొట్టింది, అంతే.

పరీక్షలయ్యాయి. గుసగుస ఎంత గట్టిగా చెప్పిందంటే, బయటినుంచి వచ్చిన పరీక్షకురాలు కాస్త నెమ్మదిగా చెప్పమ్మా అంది. కళ్ళు మూసుకుని ఉన్న మూడో మంచం పేషెంటు నవ్వాపుకోలేక దగ్గాడు. ఆ పిల్ల వెంటనే గ్లాసుతో నీళ్ళు తెచ్చి, "లేపి కూర్చోబెడుతున్నాను బాబాయ్, సరేనా?" అని అడిగింది. మంచి మార్కులతో గట్టెక్కింది.

మళ్ళీ కొత్త బ్యాచ్ వచ్చింది. మొదటి రోజు కండక్టరు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గుమ్మంలో ఆగాడు.

"వెళ్తున్నా. ఇవాళ తలకు కట్టు, మోచేతికి కట్టు, కుడికాలు దిండ్ల మీద. నాకేం కాలేదు. మధ్యాహ్నానికి వచ్చేస్తా. వెళ్ళనా?"

"వెళ్ళండి," అంది ఆవిడ. ఆయన వీధి మలుపు తిరిగాక, చేతికర్ర ఊతంగా గేటుదాకా నడిచి ఎదురింటావిడను కేకేసింది.

"వదినా! ఈయన ఒళ్ళంతా కట్లతో కనిపిస్తే ఈసారి పరిగెత్తుకు రాకండి. నాకు చెప్పే వెళ్ళాడు."