పెద్దబాపు కాచిన గుంట

పోయిన ఆదివారం ఇక్కడ వరంగల్లో మా పక్కింటి ఆపా వచ్చి గడప దగ్గరే నిలబడి కొర్రమట్ట చేప కావాలని అడిగింది. ఆమె భర్త ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు కాంటా పెడతాడు. కూతురు కాన్పయి వారమైంది. ఒంట్లో రక్తం తక్కువుందని డాక్టరమ్మ చెప్పిందట. "నీ తల్లిగారోళ్లు చేపలు పట్టేటోళ్లే గదమ్మా. మా ఆయిన పొద్దటిసంది రెండు మార్కెట్లు తిరిగొచ్చిండు. బొచ్చెలున్నయి, రవ్వలున్నయి, కొర్రమట్ట మాత్రం లేదంటాన్రు. మీ చెరువుల దొరుకుతదేమో జర అడుగు," అంది. మా చెరువులో కొర్రమట్ట లేక పదేళ్లయింది. నలుగురిలో మాట్లాడలేనని నాకు పేరుంది గానీ, ఆ రోజు ఒక్క మనిషికి కూడా ఆ సంగతి చెప్పలేకపోయాను. "ఇంటికి ఉత్తరం రాస్తానాపా," అన్నాను. ఆమె నమ్మి వెళ్లింది. ఉత్తరం రాయలేదు. ఆ కాగితాల మీదే ఇది రాస్తున్నాను.

మా ఊరు వరంగల్ నుంచి ములుగు పోయే బస్సు దారిలో ఉంటుంది. బాపుకు అన్న ఒకడుండేవాడు, మాకు పెద్దబాపు. వేరే ఇంట్లో ఉండేవాడు, పిల్లలు లేరు. అందుకని మా ఇంట్లో పిల్లలందరినీ తన ఇష్టం వచ్చినట్టు పిలిచేవాడు. నేను ఎప్పుడూ ఏదో ఒక కాగితం ముక్క చదువుతూ కనిపిస్తానని నన్ను పంతులమ్మ అనేవాడు. పప్పు పొట్లం కట్టిన పేపరు కూడా విప్పి చదువుతానని ఊరంతా చెప్పి నన్ను ఇంట్లోంచి బయటికి రాకుండా చేశాడు. మొరటు మనిషి కాదు, తమాషా మనిషి. మృగశిర కార్తె వచ్చిందంటే మా వైపు చేప తినని ఇల్లుండదు, అందులోనూ కొర్రమట్టకు ఉండే గిరాకీ ఇంకో చేపకు ఉండదు. సరిగ్గా ఆ రోజుల్లోనే పెద్దబాపు కొర్రమట్టను పట్టేవాడు కాదు, ఇంట్లో వండనిచ్చేవాడు కాదు. కడుపుతో ఉన్న చేపను పట్టడమేందనేవాడు. పెద్దమ్మ వాకిట్లో నిలబడి, వినేవాళ్లున్నా లేకున్నా, "మిరుగు నాడు ఊరంత పచ్చిచేపలు తింటాన్రు, చేపలు పట్టేటోని పెండ్లాన్ని నేను ఎండుచేపలు తింటాన," అని ఏటేటా ఒకే మాట అనేది. పెద్దబాపు ఆ ఎండుచేపల పులుసునే రెండుసార్లు పోయించుకుని తినేవాడు.

కొర్రమట్ట గురించి తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. మిగతా చేపలు గుడ్లు పెట్టి తమ దారిన తాము పోతాయి. కొర్రమట్టలు అలా కాదు. తల్లీ తండ్రీ రెండూ కలిసి తుంగలో చోటు చేసుకుని గుడ్లు పెట్టి, పిల్లలు బయటికొచ్చాక దాదాపు నెల రోజులు వాటి కిందే తిరుగుతూ కాపలా కాస్తాయి. పిల్లలు ఎర్రగా ఉంటాయి. వందలకొద్దీ ఒకచోట చేరి నీళ్ల మీదికి వస్తే, చాటంత ఎర్ర మచ్చ కదులుతున్నట్టు కనిపిస్తుంది. ఆ నెల రోజుల్లో తల్లిని పట్టడం అంత సులువైన పని లేదు. గాలానికి కప్పను గుచ్చి ఆ మచ్చ పక్కన ఆడిస్తే చాలు, పిల్లల మీదికి ఎవరో వచ్చారని అదే వచ్చి మింగుతుంది. తల్లిదండ్రులు పోయాక ఆ పిల్లలు రెండు మూడు రోజుల్లో కొంగలకూ జెల్లలకూ మేత అవుతాయి. అందుకని ఎర్ర మచ్చ కనిపించిన చోట పెద్దబాపు చుట్టూ తుమ్మ కంప నాటేవాడు. కంప ఉన్న చోట ఎవరూ వల విసరకూడదు, గాలం వేయకూడదు. కాగితం మీద రాసిన నియమం కాదిది. కంప చూస్తే పక్కకు తప్పుకోవడం మా వాళ్లకు అలవాటు, అంతే.

నేను తొమ్మిదో తరగతికి వచ్చిన ఎండాకాలంలో చేపల ఆఫీసరు ఒకాయన మా చేపలు పట్టేవాళ్ల సొసైటీ మీటింగుకు వచ్చాడు. పడుచువాడు, మర్యాదస్తుడు, పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేవాడు. వానలు పడ్డాక లారీలో బొచ్చె, రవ్వ పిల్లల్ని తెచ్చి చెరువులో వదులుతామని, ఏడాది తిరిగేసరికి ఒక్కో చేప ఇంత అవుతుందని చేతులు చాపి చూపించాడు. అయితే కొర్రమట్టలుంటే ఆ పిల్లల్ని తినేస్తాయి. చెరువుకు ఉత్తరం మూల తుంగతో నిండిన పెద్ద గుంట ఒకటుంది. నీళ్లు తగ్గినప్పుడు అది చెరువు నుంచి విడిపోతుంది. కొర్రమట్టలన్నీ చేరేది అందులోనే. ఇప్ప గింజల్లోంచి నూనె తీయగా మిగిలిన చెక్కను ఆ గుంటలో కలిపితే ఉన్న చేపలన్నీ తేలిపోతాయి, తర్వాత బెడద ఉండదు అన్నాడు. మా వాళ్లు ఆశపడ్డారు. ఆశపడటంలో తప్పు లేదు, అప్పటికి రెండేళ్లుగా వలల్లో పరకల్లాంటి చిన్న చేపలు తప్ప ఏమీ పడటం లేదు. పెద్దబాపు ఒక్కడే లేచి వద్దన్నాడు.

"లారీ రాకుంటే చెరువుల ఏముంటది సారూ? గీ గుంటల ఉన్నది మన విత్తనం. దాన్ని సంపుకొని పైఊరి విత్తనానికి ఎదురుచూసుడేంది?"

"అండ్ల ఏమున్నయే పెద్దన్నా, రెండో మూడో ముసలి కొర్రమట్టలు. నీ అసొంటియే," అన్నాడు సొసైటీ ప్రెసిడెంటు. అందరూ నవ్వారు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. శ్రావణంలో లారీ వచ్చేలోగా ఆ గుంటలో ఎదిగిన కొర్రమట్ట పిల్లల్ని చూపిస్తే గుంట జోలికి రారు. చూపించలేకపోతే ఇప్ప చెక్క.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. చెరువు సగం కూడా నిండలేదు, గుంట విడిగానే ఉండిపోయింది. మామూలుగా నాలుగైదు మచ్చలు కనిపించే చోట ఒక్కటే కనిపించింది. కనిపించింది అంటే నాకు. పెద్దబాపు కళ్లకు అప్పటికే పొర కమ్మింది. మనుషుల్ని నడకను బట్టి గుర్తుపట్టేవాడు, నీళ్ల మీద మెరుపు తప్ప ఏమీ ఆనేది కాదు. అందుకని రోజూ పొద్దున బడికి పోయే ముందు నన్ను వెంట తీసుకుపోయేవాడు. నేను చెప్పిన చోట కంప నాటాడు. రోజూ గుంట గట్టున ఒక రాయి మీద కూర్చుని, "మాట్లాడకు," అనేవాడు. ఊళ్లో ఆ మాట చెప్పనక్కర్లేనిది నా ఒక్కదానికే. కాసేపు అలా తల వంచుకుని కూర్చుని, తర్వాత అడిగేవాడు, "ఉన్నయా?" "ఉన్నయి." "ఎంత మందం?" "చాటంత." "రంగు?" "దాసానిపువ్వు లెక్క." అతను తల ఊపేవాడు. నాకు అంత ముఖ్యమైన పని అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు. పాత నోట్‌బుక్కుల్లో మిగిలిన తెల్లకాగితాలు కుట్టుకుని నేను డైరీ రాసుకునేదాన్ని. అలా పన్నెండు రోజులు గడిచాయి, ఆ రోజులన్నిటా డైరీలో ఆ పిల్లల సంగతే ఉంది.

అదే సమయంలో అక్క కాన్పుకు ఇంటికి వచ్చింది. ఆమెను వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే వాళ్లింటికి ఇచ్చారు. కాన్పు కష్టమైంది. వరంగల్ దవాఖానలో వారం ఉండి, ఆడపిల్లతో తిరిగొచ్చేసరికి అక్క మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. లేచి కూర్చుంటే పడిపోయేది. పాలు లేవు, బిడ్డ రోజంతా సన్నగా ఏడ్చేది. చూడవచ్చిన అక్క అత్తగారు బాపు వినేటట్టే అమ్మతో అంది, "కొర్రమట్ట పులుసు పెట్టున్రి వదినె, రక్తం పడ్తది. చెరువు పక్కన్నే ఉన్నరు, మీకేం తక్కువ." బాపు లేచి చూరులోని వల దించాడు. నాకీ బిడియం అతని నుంచే వచ్చింది. నాలుగు రోజులు వల వేసి పరకలు తెచ్చాడు. ఐదో రోజు శనివారం. ఒంటిపూట బడి అయి నేను ఇంటికి వచ్చేసరికి అమ్మ పెరట్లో కూర్చుని, జారిపోకుండా బూడిద రాసి చేపల్ని రాయి మీద రుద్దుతోంది. రెండు కొర్రమట్టలు. ఒకటి కొంచెం పెద్దది. బాపు అరుగు మీద కూర్చుని చుట్ట తాగుతున్నాడు. రెండు చేతులకూ మోచేతుల దాకా ముండ్ల గీతలు. నేను ఆ గీతల్ని చూడటం అతను చూశాడు. తల తిప్పుకున్నాడు.

అక్క ఆ రోజు చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది. మొహాన చెమట పట్టింది. "అవ్వా, ఇంకింత పొయ్యవే," అని అమ్మను అడిగింది. నా కంచంలో కూడా ఒక ముక్క పడింది. తిన్నాను. రుచిగా ఉండింది, అది కూడా ఇక్కడ రాయాలి.

మర్నాడు పొద్దున గుంట దగ్గరికి పోయేసరికి తుంగ మీద ఆరు కొంగలున్నాయి. ఎర్ర మచ్చ చెదిరి అరచేయంత మిగిలింది. పెద్దబాపు రాయి మీద కూర్చున్నాడు. ఆ రోజు ఎక్కువసేపు కూర్చున్నాడు. తర్వాత అడిగాడు, "ఉన్నయా?"

తల ఊపితే అతనికి కనిపించదు, నోటితోనే చెప్పాలి. "ఉన్నయి," అన్నాను.

"రంగు?"

"జర తగ్గింది."

ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియదు. ఎదిగే కొద్దీ ఎరుపు తగ్గి మట్టిరంగుకు వస్తాయని అతనే అంతకుముందు చెప్పాడు, దాన్నే తిరిగి చెప్పాను. మూడో రోజుకు గుంటలో ఒక్క పిల్ల లేదు. నేను మాత్రం రోజూ వాటిని పెంచాను. ఇవ్వాళ చిటికెనవేలంత ఉన్నయి పెద్దబాపు. ఇవ్వాళ రెండు గుంపులైనయి. ఇవ్వాళ ఒకటి ఎగిరి దోమను పట్టింది. పుస్తకాలు చదివిన దానికి కల్పించడం ఎంత తేలికో నాకు అప్పుడే తెలిసింది. అదే డైరీలోనూ రాశాను, తేదీలు వేసి మరీ. నిజం చెబితే అన్నదమ్ములు విడిపోతారని భయపడ్డానని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు అంత ఆలోచన లేదు. అతను "ఉన్నయా" అని అడుగుతుంటే "లేవు" అనే మాట నోట్లోంచి రాలేదు, అంతే. అలా పదిహేను రోజులు.

లారీ ఫలానా రోజు వస్తుందని కబురొచ్చింది. ముందురోజు పొద్దున ఆఫీసరు, ప్రెసిడెంటు, పదిమంది దాకా గుంట దగ్గరికి వచ్చారు. అందరి వెనక బాపు ఉన్నాడు. నేను పెద్దబాపు పక్కన నిలబడ్డాను. ఇద్దరు ధోవతులు ఎగ్గట్టి నీళ్లలోకి దిగబోతుంటే పెద్దబాపు చెయ్యి అడ్డం పెట్టాడు.

"దిగకున్రి. అండ్ల ఏం లెవ్వు. నేనే పట్టిన."

"నువ్వా?" అన్నాడు ప్రెసిడెంటు.

"మిరుగు నాడు తినకపోతి. నోరాగలే."

దిగబోయిన ఇద్దరూ వెనక్కి తిరిగారు. తర్వాత నవ్వులు మొదలయ్యాయి. "రెండు నెలలు మమ్ముల ఆపి, తల్లిని పిల్లను ఒక్కడే మింగిండు ముసలోడు," అన్నాడొకడు. "అరిగినయా పెద్దన్నా?" అన్నాడు ఇంకొకడు. ఆఫీసరు నవ్వలేదు. కాగితాల్లో ఏదో రాసుకున్నాడు. బాపు నేల చూస్తూ నిలబడ్డాడు. అతను నోరు తెరుస్తాడని చూశాను, నేను తెరుస్తానని అతను చూశాడేమో. ఇద్దరం తెరవలేదు.

తిరిగి వస్తూ కట్ట మీద ఎవరూ లేనప్పుడు అడిగాను, "నీకు ఎరుకేనా పెద్దబాపు?"

"పిల్లలు మీదికొచ్చి గాలి గుంజుకుంటే సప్పుడైతది బిడ్డా, అన్నం ఉడికినట్టు. నేను రోజు కూసొని ఇన్నది గదే. శనివారం పొద్దుగాల దనుక ఇనవడ్డది. ఐతారం సగం లేదు. మంగళారం అసలే లేదు."

"మరి నన్నెందుకు అడగలే?"

"అడుగుతనే ఉంటి గద," అని కాసేపు నడిచాడు. "గట్టిగ అడిగితె నువ్వు చెప్పేస్తువు. చెప్తె మీ అక్క తిన్నది ఒంటబట్టకపోవు." ఇంకొంత దూరం పోయాక, "అయినా మంచిగ చెప్పినవ్ పంతులమ్మా. ఒక్కోపారి నాకు మల్ల ఇనవడ్డట్టే ఉండె," అన్నాడు.

పెద్దమ్మ మాత్రం ఊరు చెప్పిందే నమ్మింది. ఇన్నేళ్లూ నాకు ఎండుచేపలు పెట్టి, నువ్వొక్కడివే ఎట్ల తిన్నవని నెల రోజులు అతనితో మాట్లాడలేదు. అతను ఆమెకూ నిజం చెప్పలేదు.

ఆ సాయంత్రమే ములుగు వైపు నుంచి జీపులో ఇప్ప చెక్క బస్తాలు వచ్చాయి. మర్నాటికి గుంటంతా నురుగు. పరకలు, జెల్లలు, పేరు తెలియని చిన్న చేపలు తెల్లటి పొట్టలతో తేలాయి. వాటి మధ్య ముసలి కొర్రమట్టలు మూడున్నాయి. జనం గంపలతో ఎత్తుకుపోయారు. తర్వాత లారీ పిల్లల్ని వదిలారు. మొదటి రెండేళ్లు బొచ్చెలు బాగా పెరిగాయి, అబద్ధం చెప్పకూడదు. తర్వాత ఒక ఏడు లారీ ఆలస్యంగా వచ్చింది, ఒక ఏడు పిల్లలు ఎండకు దారిలోనే చచ్చాయి, ఒక ఏడు రాలేదు. లారీ రాని ఏడు చెరువులో నీళ్లుండేవి, చేప ఉండేది కాదు. వలలు ఇంటి చూరులో ఉండిపోయాయి. ఈ మధ్య వచ్చిన కొత్త ఆఫీసరు, ప్రతి చెరువులో ఒక మూల వదిలిపెట్టి నాటు చేపల్ని కాపాడుకోవాలని, గుడ్ల కాలంలో పట్టకూడదని మీటింగులో చెప్పాడట. బాపు అది విని ఇంటికి వచ్చి ఆ పూట అన్నం తినలేదని అమ్మ చెప్పింది.

గుంట పోయిన మరుసటేడే పెద్దబాపు దవాఖానలో కంటి ఆపరేషన్ చేయించుకున్నాడు. అద్దాలు పెట్టుకుంటే దూరం నుంచి కూడా మనిషిని గుర్తుపట్టేవాడు. ఉత్తరం మూలకు మాత్రం ఎప్పుడూ పోలేదు. మొన్న ఎండాకాలంలో కాలం చేశాడు. అక్క బాగుంది. ఆ బిడ్డకు పదేళ్లొచ్చాయి, మగ్గం ముందు కూర్చుని దారాలు అందిస్తుందట. అక్కకు ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

తొమ్మిదో తరగతిలో నిజంగా గడిచిన రోజులు నాకు చాలావరకు గుర్తులేవు. ఆ చేపపిల్లలు నా మాటల్లో మాత్రమే బతికిన పదిహేను రోజులు మాత్రం, ఏ రోజు ఎంత ఎదిగాయో సహా, వరుస తప్పకుండా గుర్తున్నాయి.